పాత పెన్నీకి విలువ ఎక్కడ పుడుతుంది?



2025 నవంబరు 12న అమెరికా ప్రభుత్వం చలామణీ కోసం ముద్రించే పెన్నీకి స్వస్తి పలికింది. ఆఖరి నాణేలు ఫిలడెల్ఫియా టంకశాలలో అచ్చయ్యాయి. 1793లో అదే ఊళ్ళో మొదలైన పని 232 ఏళ్ళ తర్వాత అదే ఊళ్ళో ఆగింది. కారణం ఖర్చు. ఒక్క సెంటుకు చెల్లే ఆ నాణేన్ని తయారు చేయడానికి 2024 ఆర్థిక సంవత్సరంలో 3.69 సెంట్లు అయింది. ముద్రణ ఆగినా పెన్నీ చెల్లుబాటు పోలేదు. సుమారు 30,000 కోట్ల పెన్నీలు ఇంకా జనం మధ్యే ఉన్నాయని అక్కడి ఖజానా శాఖ అంచనా.

పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్ళు మనకు ఎన్నో. ఒకసారి వెళ్ళివచ్చినవాళ్ళ ఇంట్లో కూడా ఏ డబ్బాలోనో, ఏ చేతిసంచి అడుగునో పది పెన్నీలు ఉంటాయి. ‘ఇక ముద్రించరట కదా, దాచిపెడితే వీటికి ధర వస్తుందా?’ అన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. ఈ ప్రసంగంలో ఆ ప్రశ్నకు జవాబు చెబుతాను. అయితే జవాబు ధరల పట్టికలో లేదు, చరిత్రలో ఉంది.

పాతబడినంత మాత్రాన ఏ నాణేనికీ విలువ రాదు. అమెరికా పెన్నీల్లో విలువైనవి ఎక్కువగా మూడు రకాల సందర్భాల్లో పుట్టాయి. ఒకటి మలుపు: బొమ్మో, లోహమో మారిన ఏడాది. రెండోది మాంద్యం: వ్యాపారం పడిపోయి, చిల్లర అడిగేవాళ్ళు లేక ముద్రణ తగ్గిన ఏడాది. మూడోది పొరపాటు: టంకశాలలో పని తప్పి, ఆ తప్పు నాణెం మీద ముద్రపడిపోయిన రోజు. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకుని కథలోకి వెళదాం.

అమెరికా స్వతంత్రమైన కొత్తలో దానికి సొంత నాణెం లేదు. స్పెయిన్ వెండి డాలర్లు, ఇంగ్లండు రాగి నాణేలు, కనెక్టికట్, న్యూజెర్సీ వంటి రాష్ట్రాలు వేసుకున్న రాగి బిళ్ళలు అన్నీ కలిసి చేతులు మారేవి. 1787లో కేంద్ర ప్రభుత్వం పేరిట ఒక రాగి సెంటు వచ్చింది. ఒకవైపు సూర్యుడు, నీడ గడియారం, రెండోవైపు 13 రాష్ట్రాలకు గుర్తుగా ఒకదానితో ఒకటి ముడిపడ్డ 13 వలయాలు. ఆ ఆలోచన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌దని చెబుతారు. దాన్ని ఫ్యూజియో సెంటు అంటారు. కానీ అది కాంట్రాక్టు మీద బయట చేయించినది. దేశానికి తన టంకశాల కావాలి.

1792 ఏప్రిల్ 2న నాణేల చట్టం వచ్చింది. డాలరుకు 100 సెంట్లు అన్న దశాంశ లెక్క ఆ చట్టంతో స్థిరపడింది. మన దేశంలో రూపాయికి 100 నయాపైసలు వచ్చింది 1957లో. అంటే మనకన్నా 165 ఏళ్ళ ముందే వాళ్ళు ఆ లెక్కలోకి మారారు. టంకశాల ఫిలడెల్ఫియాలో వెలిసింది. దానికి తొలి అధిపతి డేవిడ్ రిటెన్‌హౌస్, పేరుమోసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఆ రోజుల్లో నాణేలు మనుషుల భుజబలంతో తయారయ్యేవి. పెద్ద మరను చేతులతో తిప్పి, అచ్చును రాగి బిళ్ళ మీదికి బలంగా దించేవారు.

1793 మార్చిలో మొదటి సెంట్లు బయటికి వచ్చాయి. ఒకవైపు జుట్టు విరబోసుకున్న స్వేచ్ఛాదేవి ముఖం. రెండోవైపు 15 రాష్ట్రాలకు గుర్తుగా 15 లంకెల గొలుసు. రాష్ట్రాల ఐక్యతను చూపాలన్నది వాళ్ళ ఉద్దేశం. జనం చదివిన అర్థం వేరు. స్వేచ్ఛాదేవి వెనక గొలుసులా అని పత్రికల్లో విమర్శలు వచ్చాయి. మనుషుల్ని నిజంగానే గొలుసులతో కట్టి అమ్ముతున్న దేశంలో ఆ బొమ్మ చూసినవాళ్ళకు అలా తోచడంలో వింత లేదు. కొద్ది వారాల్లోనే గొలుసు పోయి ఆకుల దండ వచ్చింది. ఆ ఏడాదే మళ్ళీ బొమ్మ మారి, స్వేచ్ఛకు గుర్తయిన టోపీతో మూడో రూపం వచ్చింది. ఆ మూడో బొమ్మ గీసిన జోసెఫ్ రైట్ ఆ ఏడాదే ఫిలడెల్ఫియాను ఊడ్చిపెట్టిన పచ్చజ్వరంలో చనిపోయాడు.

గొలుసు సెంట్లు మొత్తం 36,103 మాత్రమే ముద్రించారు. అందులో చాలావరకు వాడకంలో అరిగిపోయాయి, కరిగిపోయాయి, పోగొట్టుకుపోయాయి. చక్కగా నిలిచిన ఒక గొలుసు సెంటు 2012లో 13 లక్షల 80 వేల డాలర్లకు వేలంలో అమ్ముడైంది. మలుపులో పుట్టిన నాణేనికి ఇది తొలి ఉదాహరణ. జనం వద్దన్న బొమ్మ కనుకే తక్కువ వచ్చింది, తక్కువ వచ్చింది కనుకే ఇవాళ అంత ధర.

ఆ పాత సెంట్లు పెద్దవి. మన పాత అర్ధరూపాయి కన్నా వెడల్పు, చేతికి బరువుగా తగిలే అచ్చమైన రాగి. 1857 వరకు అవే నడిచాయి. సేకరించేవాళ్ళు వాటిని పెద్ద సెంట్లు అంటారు. 1793 నుంచి 1857 దాకా ప్రతి ఏడాది తేదీతోనూ పెద్ద సెంట్లు ఉన్నాయి, ఒక్క 1815 తప్ప. దానికీ చరిత్రే కారణం. నాణెం ముద్రించడానికి కావలసిన రాగి బిళ్ళలు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి వచ్చేవి. 1812లో ఆ ఇంగ్లండుతోనే యుద్ధం వచ్చింది. దిగుమతి ఆగింది, ఉన్న బిళ్ళలు అయిపోయాయి. శత్రువు దగ్గర ముడిసరుకు కొనుక్కునే దేశానికి యుద్ధంలో ఏమవుతుందో ఒక్క ఖాళీ సంవత్సరం చెబుతోంది.

1850ల నాటికి రాగి ధర పెరిగి, పెద్ద సెంటు వేయడం ప్రభుత్వానికి గిట్టుబాటు కాకుండా పోయింది. 1857 ఫిబ్రవరి 21న చట్టం మార్చి దాన్ని ఆపేశారు. దాని స్థానంలో చిన్నది, 19 మిల్లీమీటర్ల వెడల్పు, రాగిలో 12 శాతం నికెల్ కలిపినది వచ్చింది. దాని మీద ఎగిరే డేగ బొమ్మ. గీసినవాడు జేమ్స్ లాంగేకర్. ఆ 19 మిల్లీమీటర్ల కొలతే చివరి పెన్నీ దాకా మారలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పెద్ద సెంటు పోతోందని తెలియగానే జనం వాటిని దాచుకోవడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు మిఠాయి కొనుక్కున్న నాణెం, ఇక కనిపించదన్న బెంగ. ప్రతి సంవత్సరానికీ ఒకటి చొప్పున కూర్చుకునే అలవాటు అలా పాకింది. అమెరికాలో నాణేల సేకరణ సామాన్యుల దాకా చేరింది ఆ రోజుల్లోనే. మరుసటి ఏడాది, 1858లో, న్యూయార్క్‌లో అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఏర్పడింది. డేగ సెంటుకు నమూనాగా 1856 తేదీతో సుమారు 2,000 ముద్రించి, కాంగ్రెసు సభ్యులకూ అధికారులకూ చూపడానికి ఇచ్చారు. ఆ 1856 డేగ సెంటు అరిగినదైనా సరే ఇవాళ వేల డాలర్లు పలుకుతుంది. 1857, 1858 తేదీలతో ఉన్న అదే బొమ్మ అరిగినది కొన్ని పదుల డాలర్లకే దొరుకుతుంది. తేడా ఒక్క ఏడాది. ఒకటి మలుపుది, తక్కినవి దారిలోవి.

1859లో డేగ పోయి, ఈకల తలపాగా పెట్టుకున్న స్వేచ్ఛాదేవి వచ్చింది. దీన్ని ఇండియన్ హెడ్ అంటారు. అమెరికా ఆదివాసుల తలపాగాను తెల్లజాతి ముఖానికి తొడిగిన బొమ్మ అది. రెండేళ్ళలో అంతర్యుద్ధం మొదలైంది. యుద్ధం వస్తే జనం లోహాన్ని దాస్తారు. ముందు బంగారం మాయమైంది, తర్వాత వెండి, 1862 వచ్చేసరికి సెంట్లు కూడా అంగళ్ళలో కనపడలేదు. చిల్లర లేక తపాలా బిళ్ళలతో కొనుక్కున్నారు. దుకాణదారులు తమ పేర్లతో పల్చటి కంచు బిళ్ళలు వేయించుకున్నారు. ప్రభుత్వ ముద్ర లేకపోయినా జనం ఆ కంచు బిళ్ళను నమ్మి తీసుకున్నారు. ఆ అనుభవం చూసి ప్రభుత్వం 1864లో తన సెంటును కూడా పల్చటి కంచుతో చేసింది. 95 శాతం రాగి, 3.11 గ్రాముల బరువు. ఆ ఏడాదే ప్రైవేటు బిళ్ళలను నిషేధించింది. అంటే పెన్నీ రూపాన్ని ఆ మలుపులో నిర్ణయించింది వీధిలో చిల్లర కోసం వెతుక్కున్న సామాన్యుడే.

ఇక మాంద్యం సంగతి. 1873లో అమెరికాలో పెద్ద బ్యాంకులు కూలి, ఏళ్ళ తరబడి వ్యాపారం కుదేలైంది. చిల్లర అడిగేవాళ్ళు తగ్గారు, పాత సెంట్లు ఖజానాకు తిరిగి వచ్చాయి. 1877లో కేవలం 8,52,500 సెంట్లు ముద్రించారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఏడాదికి కోట్లలో ముద్రించిన నాణేనికి ఇది చాలా తక్కువ. ఇండియన్ హెడ్ పెన్నీలు పోగుచేసే ప్రతివాళ్ళకూ 1877 కావాలి, అందరికీ సరిపడా లేవు. అందుకే ముఖం అరిగిపోయిన 1877 పెన్నీకి కూడా వందల డాలర్లు ఇస్తారు.

ఇప్పుడు మనందరికీ తెలిసిన ముఖం దగ్గరికి వద్దాం. అబ్రహాం లింకన్ పుట్టి నూరేళ్ళు నిండిన 1909లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పూనుకుని పెన్నీ మీదికి లింకన్‌ను తెప్పించాడు. అంతవరకు అమెరికా రోజువారీ నాణేల మీద నిజమైన మనిషి ముఖం లేదు. రాజుల బొమ్మలు వేసుకునే అలవాటు తమది కాదన్న పట్టుదల వాళ్ళది. ఆ కట్టుబాటు దాటింది లింకన్ కోసం. బొమ్మ చెక్కినవాడు విక్టర్ డేవిడ్ బ్రెన్నర్. లిథువేనియాలో పుట్టిన యూదుడు, వలస వచ్చి ముద్రలు చెక్కుతూ పైకి వచ్చిన శిల్పి.

1909 ఆగస్టు 2న ఆ పెన్నీలు విడుదలైతే జనం బారులు తీరారు. వెనకవైపు రెండు గోధుమ కంకులు, వాటి కింద చిన్న అక్షరాల్లో శిల్పి పేరు తొలి అక్షరాలు: వి, డి, బి. అవి కంటికి మరీ కొట్టొచ్చినట్టు ఉన్నాయని గొడవ రేగింది. రోజుల్లోనే అక్షరాలను తీసేశారు. అప్పటికి ఫిలడెల్ఫియాలో 2 కోట్ల 80 లక్షల దాకా అచ్చయ్యాయి. శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలలో మాత్రం 4,84,000 దగ్గరే ఆగిపోయాయి. తేదీ కింద ఎస్ అక్షరం ఉంటే అది శాన్ ఫ్రాన్సిస్కోది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే బొమ్మ, ఒకే సంవత్సరం, వెనక ఒకే మూడు అక్షరాలు. ఎస్ లేనిది పది, ఇరవై డాలర్లకు వస్తుంది. ఎస్ ఉన్నది అరిగినదైనా వందల డాలర్లు. నూరేళ్ళుగా అమెరికా పిల్లలు చిల్లరలో వెతికిన నాణెం అది. 1930ల మధ్యలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని రేసిన్‌లో ఉన్న విట్‌మన్ ప్రచురణ సంస్థ ఏడాదికొక గుండ్రటి గుంట ఉన్న అట్టలు అమ్మడం మొదలుపెట్టింది. చేతిలో డబ్బు లేని మహా మాంద్యం రోజుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని చిల్లర వెతుక్కుంటూ ఆ గుంటలు నింపేవారు. పెన్నీ పోగుచేయడానికి ధనవంతులు కానక్కర్లేదు. ఒక్క సెంటు ఉంటే ఆట మొదలవుతుంది. ఈ అభిరుచి అంతమందికి చేరడానికి కారణం అదే.

శిల్పి అక్షరాలు 1918లో తిరిగి వచ్చాయి. ఈసారి లింకన్ భుజం కింద, చాలా చిన్నవిగా. ఈ వివరం గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

తర్వాతి పెద్ద మలుపు 1943. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ గుళ్ళకు, ఫిరంగి గుళ్ళ తొడుగులకు రాగి కావలసి వచ్చింది. ఆ ఒక్క ఏడాది అమెరికా ఉక్కు బిళ్ళకు జింకు పూత పూసి పెన్నీలు వేసింది. వెండిలా తెల్లగా మెరిసేవి, పది సెంట్ల నాణెమనుకుని జనం పొరపడేవారు, తడి తగిలితే తుప్పుపట్టేవి. అదే 1943లో మన దేశంలోనూ రాగి ఆదా చేయడానికి బ్రిటిష్ ప్రభుత్వం పైసా మధ్యలో రంధ్రం వేసింది. మన పెద్దలు చూసిన చిల్లికానీ అదే. ఒకే యుద్ధం, ఒకే లోహపు కరువు. అక్కడ రాగి మొత్తంగా పోయింది, ఇక్కడ నడుమ చిల్లి పడింది.

ఉక్కు పెన్నీలు మూడు టంకశాలల్లో కలిపి సుమారు 109 కోట్లు వచ్చాయి. అందుకే వింతగా కనిపించినా మామూలు ఉక్కు పెన్నీకి పెద్ద ధర లేదు. డాలరు లోపే దొరుకుతుంది. అసలు విలువ దానికి ఎదురుగా ఉంది. 1942 నాటి కంచు బిళ్ళలు కొన్ని టంకశాల తొట్టెల్లో ఇరుక్కుని ఉండిపోయి, 1943లో ఉక్కు బిళ్ళలతో కలిసి అచ్చులోకి వెళ్ళాయి. అలా కంచుతో వచ్చిన 1943 పెన్నీలు ప్రపంచంలో సుమారు 20 మాత్రమే తెలుసు. అలాంటిది ఒకటి 1947లో మసాచుసెట్స్‌లో బడిలో చదివే 16 ఏళ్ళ కుర్రాడికి బడి భోజనశాల చిల్లరలో దొరికింది. ఖజానా శాఖను అడిగితే 1943లో రాగి పెన్నీలే వేయలేదని జవాబు వచ్చింది. అతను దాన్ని జీవితాంతం దాచుకున్నాడు. 2019 జనవరిలో వేలంలో అది 2,04,000 డాలర్లు పలికింది. డెన్వర్ టంకశాల నుంచి వచ్చిన అలాంటి కంచు పెన్నీ ఒక్కటే ఉంది. అది 2010లో 17 లక్షల డాలర్లకు అమ్ముడైంది. మలుపు, పొరపాటు రెండూ ఒకేచోట కలిస్తే ధర అలా ఉంటుంది.

ఇక అచ్చమైన పొరపాటు 1955ది. నాణేన్ని ముద్రించే అచ్చును తయారు చేసేటప్పుడు, దాని మీద మూల ముద్రను ఒకటికి రెండుసార్లు బలంగా నొక్కుతారు. రెండోసారి ఇసుమంత పక్కకు తిరిగితే అక్షరాలన్నీ జంటగా పడతాయి. ఫిలడెల్ఫియాలో ఒక రాత్రి అలాంటి అచ్చుతో పని సాగిపోయింది. తెల్లవారేలోపు గుర్తించారు. కానీ అప్పటికే 20,000కు పైగా నాణేలు మంచివాటితో కలిసిపోయాయి. అన్నింటినీ కరిగించడం దండగని వదిలేశారు. ఆ రోజుల్లో కొన్నిచోట్ల మరలో 25 సెంట్లు వేస్తే వచ్చే సిగరెట్ పెట్టె ఖరీదు 23 సెంట్లు. మిగిలిన రెండు పెన్నీలను పెట్టెతోపాటే ఉంచేవారు. ఈ జంట అక్షరాల పెన్నీలు ఎన్నో ఆ పెట్టెల్లోనే దొరికాయి. తేదీలో అంకెలు, పైన అక్షరాలు రెండేసిగా మామూలు కంటికే కనిపిస్తాయి. ఇవాళ వాటి ధర వెయ్యి డాలర్లకు పైనే.

తర్వాతి కథంతా రాగి ధర కథ. 1973లో రాగి ధర పెరిగితే అల్యూమినియంతో పెన్నీ చేయాలనుకున్నారు. 1974 తేదీతో 15 లక్షలకు పైగా ముద్రించి, కొన్నింటిని కాంగ్రెసు సభ్యులకు చూపించారు. చిల్లర మరలు నడిపేవాళ్ళు వద్దన్నారు. పిల్లలు మింగితే ఎక్స్‌రేలో సరిగా కనపడదని వైద్యులు అభ్యంతరం చెప్పారు. ముద్రించినవన్నీ కరిగించారు, చూడ్డానికి తీసుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వని కొన్ని తప్ప. అవి ప్రభుత్వ సొత్తే కనుక అమ్మే హక్కు ఎవరికీ లేదు. చివరికి 1982లో జింకు బిళ్ళకు రాగి పూత పూసే పద్ధతికి మారారు. అప్పటినుంచి పెన్నీలో 97.5 శాతం జింకే. బరువు 3.11 గ్రాముల నుంచి 2.5 గ్రాములకు తగ్గింది. ఆ మలుపులోనూ పొరపాట్లు జరిగాయి. 1983 తేదీతో పాత కంచు బిళ్ళ మీద పడిన కొన్ని పెన్నీలను వేల డాలర్లకు కొన్నారు.

ఇంతవరకు విన్నదాన్ని బట్టి ఏదైనా పెన్నీ చేతికి వస్తే మూడు విషయాలు చూడాలి. మొదటిది తేదీ, దాని కింద ఉండే టంకశాల అక్షరం. డి అంటే డెన్వర్, ఎస్ అంటే శాన్ ఫ్రాన్సిస్కో. ఏ అక్షరమూ లేకపోతే చాలావరకు ఫిలడెల్ఫియా. రెండోది ఎన్ని ముద్రించారు, ఎన్ని మిగిలాయి. ముద్రణ తక్కువైనంత మాత్రాన సరిపోదు. 1931లో మాంద్యం మధ్య శాన్ ఫ్రాన్సిస్కోలో 8,66,000 మాత్రమే వేశారు. కానీ అప్పటికే సేకర్తలు మేలుకుని ఉన్నారు, కొత్తగా ఉండగానే సంచుల కొద్దీ దాచారు. అందుకే అంతకన్నా ఎక్కువ, 11,93,000 ముద్రించిన 1914 డెన్వర్ పెన్నీకి దానికన్నా ధర ఎక్కువ. 1914లో ఎవరూ దాచలేదు, అవన్నీ వాడకంలో అరిగిపోయాయి.

మూడోది స్థితి. నాణెం ఎంత అరిగిందో చెప్పడానికి 1 నుంచి 70 దాకా ఒక కొలమానం ఉంది. ప్రపంచమంతటా ఇప్పుడు వాడుతున్న ఈ కొలమానం పుట్టింది పెన్నీల కోసమే. విలియం షెల్డన్ అనే ఆయన 1949లో పెద్ద సెంట్ల మీద రాసిన పుస్తకంలో దీన్ని ప్రతిపాదించాడు. అట్టడుగు స్థితిలో ఒక డాలరు చేసే సెంటు అత్యుత్తమ స్థితిలో 70 డాలర్లు చేస్తుందన్నది ఆనాటి లెక్క. 1980ల నుంచి పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు నాణేన్ని పరీక్షించి, అంకె వేసి, పారదర్శకమైన పెట్టెలో మూసి ఇస్తున్నాయి. రాగి నాణేలకు రంగు కూడా లెక్కలోకి వస్తుంది. ముద్రించిన నాటి ఎరుపు నిలిస్తే ఒక ధర, ఎరుపు, గోధుమ కలిస్తే ఒకటి, పూర్తిగా గోధుమకు తిరిగితే మరొకటి.

అందుకే ఒక హెచ్చరిక. మన ఇళ్ళలో రాగి చెంబు నల్లబడితే చింతపండు పెట్టి తోముతాం. పాత నాణేన్ని ఎన్నడూ అలా తోమకండి. చింతపండు, నిమ్మకాయ, తోముడు పొడి ఏవీ తగలనివ్వకండి. నూరేళ్ళలో సహజంగా పట్టిన రంగు పోతే నాణెం ధరలో చాలావరకు పోతుంది. ఒకసారి పోయిన ఆ రంగు తిరిగి రాదు. నాణేన్ని అంచులు పట్టుకుని తీయండి, పొడి కాగితపు కవరులో పెట్టండి, తేమకు దూరంగా ఉంచండి.

ధర ఉన్నచోట మోసం కూడా ఉంటుంది. ఉక్కు పెన్నీకి రాగి పూత పూసి 1943 కంచు పెన్నీ అని అమ్ముతారు. అయస్కాంతం పెడితే చాలు, ఉక్కు అంటుకుంటుంది. 1948 పెన్నీలో 8ని గీకి 3 చేస్తారు. ఫిలడెల్ఫియా పెన్నీకి ఎస్ అక్షరం అతికిస్తారు. 1944 డెన్వర్ పెన్నీలో మొదటి 4ను చెక్కి 1914 చేస్తారు. ఇక్కడే శిల్పి అక్షరాల సంగతి పనికొస్తుంది. లింకన్ భుజం మీదికి అవి వచ్చింది 1918లో. 1914 అని చెప్పే పెన్నీ భుజం మీద వి, డి, బి కనిపిస్తే అది నకిలీ. చరిత్రలో ఒక్క సంవత్సరం తెలిసినందుకు మీ డబ్బు మిగులుతుంది.

మన దగ్గర మోసం ఇంకో రూపంలో వస్తుంది. పాత నాణెం ఇస్తే లక్షలు ఇస్తామని ఫోనులో వీడియోలు, సందేశాలు తిరుగుతుంటాయి. ముందుగా రుసుము కట్టమంటారు, పన్ను కట్టమంటారు, చివరికి ఏమీ రాదు. ఇలాంటివాళ్ళు తన పేరు వాడుకుంటున్నారని, తనకు వాటితో సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. మీ నాణెం కొనేవాడు మీ దగ్గర డబ్బు అడగడు. అడిగాడంటే వాడు నాణెం కోసం రాలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు. ముద్రణ ఆగింది కనుక ఇంట్లో ఉన్న మామూలు పెన్నీలకు ధర వస్తుందా? రాదు. 30,000 కోట్లున్న వస్తువు అరుదు కాదు. ఆఖరి పెన్నీల మీద ఒమేగా అనే గ్రీకు అక్షరం గుర్తుగా వేసి, 2025 డిసెంబరులో వేలం వేశారు. వాటిని వేల డాలర్లు పెట్టి కొన్నారు. విలువ ఆ గుర్తు ఉన్న కొద్దిపాటి నాణేలది, తక్కిన 2025 పెన్నీలది కాదు. 1982కు ముందువి రాగి కదా, కరిగించి అమ్మవచ్చు కదా అంటే, అమెరికాలో 2006 డిసెంబరు నుంచి పెన్నీలను కరిగించడం నేరం.

కానీ ధర లేదన్న మాటకు విలువ లేదని అర్థం కాదు. నాసా 2012లో అంగారక గ్రహం మీద దింపిన క్యూరియాసిటీ వాహనంలో ఒక 1909 లింకన్ పెన్నీ ఉంది. రాళ్ళ పరిమాణం తెలియడానికి భూగర్భ శాస్త్రవేత్తలు ఫొటోలో నాణెం పెట్టే ఆనవాయితీని గౌరవిస్తూ, కెమెరాల కొలతకు దాన్ని వాడారు. ఒక యుద్ధం, ఒక కరువు, ఒక శిల్పి ఆరాటం, ఒక రాత్రి జరిగిన పొరపాటు, ఇన్ని సంగతులను అరచేతిలో పట్టేంత చోట దాచుకున్న వస్తువులు తక్కువ.

కనుక నా విన్నపం ఇది. ఇంట్లో పెన్నీలుంటే పిల్లలతో కూర్చుని ఒక భూతద్దం తీసుకుని తేదీలు చదవండి. 1958 దాకా వెనకవైపు గోధుమ కంకులుంటాయి, 1959 నుంచి 2008 దాకా లింకన్ స్మారక భవనం ఉంటుంది, 2010 నుంచి డాలు బొమ్మ ఉంటుంది. ఏ ఏడాది ఎందుకు మారిందో పిల్లలను వెతకమనండి. అలాగే మీ తాతల నాటి చిల్లికానీ, అణా, నయాపైస ఉంటే వాటినీ తీయండి, వాటి వెనకా ఇంతే చరిత్ర ఉంది. కొనాలనిపిస్తే ముందు పుస్తకం కొనండి, తర్వాత నాణెం కొనండి. అమ్మాలనిపిస్తే ఒక్కరి మాట విని అమ్మకండి, నాణేల సంఘాల్లో తెలిసిన ఇద్దరు ముగ్గురికి చూపించండి. ఏం చేసినా సరే, తోమకండి.